ఏదో ఉన్నాం

నమోదు 311

వడపోత గుడ్డలు ఉతకడం ఈ నెల నా వంతు. గాలిలోంచి తేమ పిండుకుని తాగే ఊళ్ళో గుడ్డ ఉతకడమంటే బావి తవ్వడంతో సమానమని, విసుక్కోకూడదని మా సన్నిబాబు మామ చెబుతుంటాడు. ఆయన వంతు వచ్చేసరికి మాత్రం నడుం పట్టేస్తుంది. గుడ్డలు వేడి గొట్టం మీద ఆరేసి, చేతులు తుడుచుకుని, దుబాసి గదిలోకి వచ్చి కూర్చున్నాను.

నా పేరు నూకరత్నం. కొత్తరేవు గుహకు దుబాసిని. చంద్రుడి రాయి లోపల, చెంబుడు నీళ్ళు ఒక్కచోట కనిపించని చోట కాపురం పెట్టి దానికి రేవని పేరు పెట్టింది మా ముత్తాతలు. ఓడలు కట్టే పని వదిలేసి వచ్చినవాళ్ళు, పేరు మాత్రం వదల్లేకపోయారు. రెండు గుహలవాళ్ళూ చదువుకునేలా మా వాళ్ళు రాసే టపాలు ఇల్మె భాషలోకి, చంద్రుడి అవతలి ముఖాన ఉన్న ఇల్మె గుహవాళ్ళు రాసే టపాలు తెలుగులోకి మార్చడం నా పని. ఏ మాట ఎందుకు అలా మార్చామో దుబాసీలు ఒక పుస్తకంలో రాసుకోవాలని నియమం. నేను దీన్ని మాటలకంటే మనుషుల గురించి రాసుకోవడానికే ఎక్కువ వాడుకుంటున్నాను. ఇంతవరకు ఎవరూ అడగలేదు.

ఈ రోజు పైడితల్లి టపా వచ్చింది. "మా సింహాద్రి ఎండుపుల్లలా ఉన్నాడు. ఏం తింటున్నాడో ఏమో, ఒంటికి పట్టడం లేదు. ఏదో ఉన్నాం." ఆ ఎండుపుల్లను నిన్న కాసేపు ఒళ్ళో కూర్చోబెట్టుకుంటే నా తొడ తిమ్మిరెక్కింది. బిడ్డ బాగున్నాడని ఏ తల్లీ రాయదు ఇక్కడ, దిష్టి తగులుతుంది. పంట బాగుందని రైతు రాయడు, కూర కుదిరిందని వంటామె రాయదు. ఎవరి టపా చూసినా చివర "ఏదో ఉన్నాం" అనే ఉంటుంది. ఎండుపుల్ల అని రాసి ఉంది కనుక నేను ఎండుపుల్ల అనే మార్చి పంపాను.

ఇల్మె నుంచి రోజూలాగే సోయెర టపా. ముసలాయన, పుట్టగొడుగుల పిండితో రొట్టెలు చేస్తాడు, మనవరాలు లియన్‌తో కలిసి ఉంటాడు. "రొట్టె చక్కగా పొంగింది. లియన్ పాట పాడింది. ఆ సన్నటి బిడ్డ గురించి అందరం మాట్లాడుకున్నాం. బాగున్నాం." ఇల్మెవాళ్ళ టపాలన్నీ బాగున్నాం అనే ముగుస్తాయి. సోయెర రాసిన రొట్టె వాసన నాకు ఇక్కడిదాకా వస్తుంది. ఆయన్ను ఎన్నడూ చూడలేదు, చూడబోను కూడా. అయినా పొద్దున్నే ఆయన టపా రాకపోతే నాకు పని మొదలైనట్టే ఉండదు.

నమోదు 314

సామాను తెచ్చే నావ ఈసారి ఎవరికన్న సంగతి తేలింది, కానీ తేలిన తీరు నాకు నచ్చలేదు.

పూర్వం ప్రతి గుహ నుంచీ ఒక అధికారి, గుహలన్నిటికీ నావలు పంపే పైనున్న సమితికి నివేదిక పంపేవాడట. మధ్యగుహ అధికారి వరసగా అంతా క్షేమం, అంతా క్షేమం అని రాశాడు. నావ వెళ్ళి చూస్తే అక్కడ క్షేమంగా మిగిలినవి ఆ నివేదికల నకళ్ళే. అప్పటినుంచి నివేదికలూ తీర్మానాలూ చెల్లవని, మనుషులు తమ ఇంటి సంగతులు తాము రాసుకునే టపాలనే చదువుతామని, నావ ఎటు వెళ్ళాలో వాటిని బట్టే చూస్తామని సమితి చెప్పింది. బొమ్మలూ గొంతులూ మోసే ఓపిక మా పాత ఉపగ్రహానికి లేదు. అక్షరాలు మాత్రమే అటూ ఇటూ వెళ్తాయి. ఇక్కడ ఎవరైనా జావ మాడిందని రాసినా ఎక్కడో ఒకరు కూర్చుని దాన్ని తూకం వేస్తారు.

ఈసారి నావ వంతు ఇల్మెది. గుహను వెచ్చగా ఉంచి పంపులు తిప్పే కొత్త కొలిమి, పంపు సామాను, మందులు తెస్తోంది. ఇవాళ ఇల్మె టపాలు విప్పి చూద్దును కదా, ఒకరి తర్వాత ఒకరు అదే మాట రాశారు. మా వంతు కొత్తరేవుకు ఇచ్చెయ్యండి, అక్కడ ఒక బిడ్డ ఎండిపోతున్నాడు, అక్కడివాళ్ళందరూ ఏదోలా ఉన్నారు, మేం బాగున్నాం. సోయెర రాసింది ఒకటే వాక్యం: "మా కొలిమి ఇంకా కొంతకాలం మాతో ఉంటానంటోంది, కనుక నావ ఆ బిడ్డ దగ్గరికి వెళ్తే మాకు సంతోషం."

సమితి ఒప్పుకుంది. నావ బయలుదేరింది. మా వీధిలో పండగలా ఉంది. సన్నిబాబు మామ పంపులూ చూస్తాడు, ఊరి పెద్దరికమూ చేస్తాడు. ఆయన్ను అడిగాను, మనకు కొలిమి దేనికి మామా, ఉన్నది బాగానే పనిచేస్తోందిగా అని.

"ష్ష్... బాగా అనకు," అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. "ఏదో తిరుగుతాంది. ఇచ్చినోడిని వద్దంటామేటమ్మీ? కొట్లో పడేద్దాం, ఎప్పుడికైనా పనికొస్తాది."

నవ్వేశాను గానీ గదిలోకి వచ్చాక నవ్వు నిలవలేదు. సింహాద్రి ఎండుపుల్ల కాడని నాకు తెలుసు. ఎండుపుల్ల అని ఇల్మె భాషలో రాసి పంపింది నేనే.

నమోదు 318

గుడ్డలు సగం పిండి వదిలేసి వచ్చి ఇది రాస్తున్నాను.

సోయెర టపాలు కొన్నాళ్ళుగా మరీ అందంగా ఉంటున్నాయి. చివరి గదులు మూసేశామని, అందరం కొలిమి పక్క గదిలోనే పడుకుంటున్నామని, పిల్లలకు అది తిరునాళ్ళలా ఉందని ఒకరోజు రాశాడు. రొట్టె పొంగడం మానేసి పలచగా కరకరలాడుతోందని, అదీ ఒక రుచేనని ఇంకోరోజు. మొన్నటిది ఇలా ఉంది: "ఎంత నిశ్శబ్దమో. లియన్ ఊపిరి తీసుకోవడం వినిపిస్తోంది. ఇన్నేళ్ళలో ఈ చప్పుడు నేను వినలేదు. బాగున్నాం." నాకు ఎంత నచ్చిందంటే, గొట్టం దగ్గర ఆడవాళ్ళందరికీ చదివి వినిపించాను. అందరూ ఆహా అన్నారు. పైడితల్లి కళ్ళు తుడుచుకుంది.

ఇవాళ నేను గుడ్డలు పిండుతుంటే సన్నిబాబు మామ నూనె పొయ్యడానికి పంపు ఆపాడు. పుట్టినప్పటినుంచి చెవిలో ఉన్న హోరు ఒక్కసారిగా ఆగిపోయింది. పక్కన నేలమీద ఆడుకుంటున్న పిల్లల ఊపిరి వినిపించింది. ఒక్కొక్కరిది విడివిడిగా. గుహలో మనిషి ఊపిరి మనిషికి వినిపించిందంటే గాలి ఆడించే పంపు ఆగిందని అర్థం. మామ మళ్ళీ పంపు తిప్పాడు. నా చేతిలో గుడ్డ అలాగే ఉండిపోయింది.

మూసేసిన గదులు. పొంగని రొట్టె. నిశ్శబ్దం. ఇవన్నీ నేనే తెలుగులోకి మార్చాను, ఒక్కో మాటా రుచి చూసి మరీ మార్చాను. వాటిని పక్కపక్కన పెట్టి చదవలేదు.

నాకు ఇల్మె భాష నేర్పిన ముసలావిడ ఒకసారి చెప్పింది, వాళ్ళ దగ్గర కష్టం రాయడమంటే చదివినవాడి నెత్తిన మూట పెట్టడమేనట. ఇంటికి నిప్పంటుకుంటే ఇల్మెవాళ్ళు పక్కింటివాళ్ళను మీకు వెచ్చగా ఉందా అని అడుగుతారని ఆవిడే నవ్వుతూ చెప్పింది. నేనూ నవ్వాను అప్పుడు. ఒక ఊరు కష్టం దాచుకుంటుంది, ఒక ఊరు సుఖం దాచుకుంటుంది. ఇద్దరూ ఎదుటివాళ్ళ టపాలను తమ ఇంట్లో రాసినవే అనుకుని చదువుకున్నారు. మధ్యలో కూర్చున్నది నేను.

నమోదు 319

సోయెర టపా కింద వ్యాఖ్య రాశాను. తిన్నగానే అడిగాను: మీ పంపు ఆగిందా? చలేస్తోందా?

చాలాసేపటికి జవాబు: "నిశ్శబ్దం హాయిగా ఉంది. మీ సన్నటి బిడ్డ ఈ రోజు ఏమైనా తిన్నాడా?" కింద ఇంకెవరో ఇల్మెవాళ్ళు, దుబాసిగారు కొంచెం అలసిపోయినట్టున్నారు, విశ్రాంతి తీసుకుంటే బాగుంటుందని రాశారు. అంటే అక్కడి మర్యాదలో నాకు చీవాట్లు పెట్టారన్నమాట. అవతలివాడి కష్టం పేరు పెట్టి అడగడం వాళ్ళకు బట్టలు లాగినంత పని.

సమితికి రాశాను. అక్కడి గుమాస్తా మంచివాడే, వెంటనే జవాబిచ్చాడు. ఇల్మెవాళ్ళు బాగున్నామని తమ చేత్తో రాశారు, నావ వద్దని తామే రాశారు, ఒక దుబాసి ఊహను పట్టుకుని వాళ్ళ మాటను తోసిపుచ్చితే మళ్ళీ అధికారుల రాజ్యమే వస్తుంది అన్నాడు. అతని మాటలో తప్పు నాకు దొరకలేదు. చివర ఒక ముక్క మాత్రం కలిపాడు: కొత్తరేవువాళ్ళకు అవసరం లేదని కొత్తరేవువాళ్ళే రాస్తే నావను మళ్ళించవచ్చు. రెండు గుహల దారులు విడిపోయే చోటు దాటకముందే రాయాలి, ఆలస్యమైన కొద్దీ చుట్టు పెరిగి నావ ఇల్మెకు అన్ని రోజులు ఆలస్యంగా చేరుతుంది.

నమోదు 320

దొంగపని ఒకటి చేసి చూశాను. మా వాళ్ళ టపాల్లో "ఏదో ఉన్నాం" అన్నచోటల్లా "బాగున్నాం" అని ఇల్మె భాషలో పెట్టి పంపాను. నిజానికి సరైన అనువాదం అదే అనిపించింది. అన్నీ తిరిగి వచ్చేశాయి, ఎర్రటి గీతలతో. మూలానికి సరిపోలలేదని సమితి దగ్గరున్న సరిచూసే యంత్రం చెప్పింది. ఆ యంత్రానికి మాటలు తెలుసు, మా అమ్మల సంగతి తెలియదు.

నమోదు 321

పొయ్యిల దగ్గర అందరినీ కూర్చోబెట్టాను. సంగతంతా చెప్పాను. అంతా విన్నారు, అయ్యో అన్నారు. ఇల్మెవాళ్ళ కోసం గవరమ్మ పిన్ని ఏడ్చింది కూడా. అందరూ ఇళ్ళకు వెళ్ళి, మేం బాగున్నాం, మాకు నావ వద్దు అని రాయాలన్నాను. అప్పుడు ఎవరి కాళ్ళ వేళ్ళు వాళ్ళు చూసుకోవడం మొదలుపెట్టారు.

"అంటే ఏటమ్మీ," అన్నాడు సన్నిబాబు మామ, "ఉన్నది ఉన్నట్టు రాయమంతావా?"

"అవును మామా."

"తీర్మానం సేసేద్దాం. ఊరంతా వేలిముద్రలేసి పంపుదాం. ఊరు పేరు మీదైతే ఎవుడికీ తగల్దు."

"తీర్మానాలు చెల్లవు. ఎవరింటి సంగతి వాళ్ళే రాయాలి."

"నాను కూర బాగుందని అన్నరోజే అది మాడతాది," అంది గవరమ్మ పిన్ని. "నాకు తెలుసు కదా నా నోరు. ఇంటిల్లిపాదీ బాగున్నారని రాస్తే ఇంకేటైనా ఉందా?"

ఎవరూ నవ్వలేదు. నాకు కోపం వచ్చింది. అక్కడ మనుషులు గడ్డకట్టుకుపోతుంటే మీ దిష్టి గోలేమిటని అరిచాను. అరిచాక తెలిసింది, నేను కూడా ఈ పుస్తకంలో ఎక్కడా నా ఒంట్లో బాగుందని రాసుకోలేదు. ఇప్పుడు రాస్తున్నాను: బాగుంది. రాస్తుంటే వెన్నులో జివ్వుమంది, అబద్ధమెందుకు.

నమోదు 322

అందరూ రాశారు. రాయలేదని అనడానికి వీల్లేదు. ఒకాయన "మరీ అంత చెడ్డగా లేం" అన్నాడు. ఒకామె "చూసేవాళ్ళకు బాగున్నట్టే ఉంటాం" అంది. సన్నిబాబు మామ ఊరికి పెద్ద కదా, అందరికంటే ధైర్యం చేశాడు: "దేవుడి దయవల్ల పంపు ఏదో, అంటే ఏదో కాదు, పరవాలేదు." తలపట్టుకుని అన్నీ ఉన్నదున్నట్టు మార్చి పంపాను.

సమితి గుమాస్తా నుంచి జవాబు వచ్చింది. "ఇంత కష్టంలోనూ కొత్తరేవు చూపిస్తున్న గుండెనిబ్బరం మెచ్చుకోదగినది. నావ వస్తోంది, ఓర్చుకోండి. ఇల్మెవాళ్ళు వంతు వదులుకున్నది ఒక బిడ్డ కోసం. ఆ తల్లి టపాలో మార్పేమీ లేదు."

పైడితల్లి ఒక్కతే ఏమీ రాయలేదు.

నమోదు 323

పైడితల్లి ఇంటికి వెళ్ళాను. నాచు వడియాలు గొట్టం మీద పెడుతోంది. సింహాద్రి కింద కూర్చుని పడినవి పడినట్టు నోట్లో వేసుకుంటున్నాడు. నేను ఆమెకు వరసకు అప్పను, అంటే అక్కను. నేను నోరు తెరవకముందే అంది.

"ఇంకేటైనా అడుగప్పా. నా వంతు నీల్లు పట్టుకెల్లిపో. ఇది మాత్రం నాను రాయను."

ఎందుకు రాయదో నాకు తెలుసు. సింహాద్రికి ముందు ఒక పిల్లాడు ఉండేవాడు, అప్పన్న. అప్పుడు పైడితల్లి చిన్నపిల్ల, కొత్తగా టపాలు రాస్తోంది. మా అప్పన్న గుండ్రాయిలా ఉన్నాడు, ఎత్తుకుంటే చేతులు లాగుతున్నాయి అని సంబరంగా రాసింది. రెండు గుహలవాళ్ళూ చదివారు. ఆ వారంలోనే జ్వరం వచ్చింది. ఆమెను ఎవరూ ఏమీ అనలేదు. అనుకున్నారంతే, అది ఆమెకు వినిపించింది.

"దిష్టి అంటూ ఏమీ లేదే, అది జ్వరం," అన్నాను.

"నీకు తెలుసప్పా. నాకు తెల్దు." వడియాల గిన్నె కింద పెట్టింది. "నాకు ఒకపాలి అయ్యింది. రెండోపాలి అవదని నువ్వు రాసిస్తావా? ఆ యంత్రం ఒప్పుకుంటాదా?"

ఒక పక్క ఇల్మె గది నిండా మనుషులు. ఇంకో పక్క ఈమె, ఈమె భయం. ఏది పెద్దదో తూచమంటే ఎవరైనా తూచగలరు. కానీ ఆ తూకంలో పెట్టవలసింది ఆమె బిడ్డను, నా బిడ్డను కాదు. వడియాలు పెట్టడంలో కాసేపు సాయం చేసి వచ్చేశాను.

నమోదు 324

పొద్దున్న సోయెర టపా చూశాను. మార్చడం పూర్తిచెయ్యగానే గుడ్డలు అలాగే వదిలేసి పైడితల్లి దగ్గరికి పరుగెత్తాను. వినమన్నాను, ఏమీ చెయ్యొద్దు, విను చాలు అన్నాను. చదివాను.

"పడుకోబోయే ముందు అందరం ఆ బిడ్డ పేరు చెప్పుకుంటున్నాం. సిమాద్రి. మాకు మధ్యలో ఆ అక్షరం సరిగా పలకడం లేదు, బిడ్డ క్షమించాలి. పేరు చెప్పినప్పుడు నోట్లోంచి తెల్లటి ఆవిరి వస్తుంది. ఎవరి ఆవిరి పొడుగో అని పిల్లలు పోటీ పడుతున్నారు. నిన్న లియన్ గెలిచింది. బాగున్నాం."

పైడితల్లి తన అరచేతిలోకి ఊది చూసుకుంది. వెచ్చటి గొట్టాల పక్కన పుట్టి పెరిగిన మనిషి.

"నోట్లోంచి ఆవిరెందుకొస్తాది అప్పా?"

"చలికి."

"ఎంత సలైతే వస్తాది?"

"మనం ఎప్పుడూ చూడనంత."

"అంత సలిలో కూకుని నా గుంటడి పేరు సెప్పుకుంతన్నారా?" అంది. "ఈడు సన్నంగా ఉన్నాడనా?"

అవునన్నాను. ఆమె సింహాద్రిని ఎత్తుకుంది, దించింది, మళ్ళీ ఎత్తుకుంది. "అప్పన్నకి నానే దిష్టి పెట్టాననుకుంతన్నాను ఇన్నాల్లూ. ఇప్పుడు ఈడిని అడ్డెట్టుకుని ఆళ్ళని కూడా సంపెయ్యమంతావా?" అని నా మీద గయ్యిమంది, అడిగింది నేనైనట్టు. తర్వాత మీటల పలక తెమ్మంది.

ఒక్కో మాటకూ ఆగింది. రెండుసార్లు లేచి వెళ్ళి బిడ్డ నుదురు తాకి చూసి వచ్చింది. రాసింది ఇది. ఒక్క అక్షరం నేను ముట్టుకోలేదు.

"మా సింహాద్రి లావుగా ఉన్నాడు. తొడల మీద మడతలున్నాయి, మడతల్లో పిండి అద్ది తుడవాలి. గిన్నెడు జావ తాగి నాది కూడా లాక్కుంటాడు. ఒంటిచేత్తో ఎత్తలేను. నవ్వితే బుగ్గల మధ్య కళ్ళు కనిపించవు. కరుస్తాడు, నా భుజం మీద పళ్ళ గాట్లున్నాయి. వాడికి ఏ లోటూ లేదు. మాకెవరికీ ఏ లోటూ లేదు. మాకు నావ వద్దు. మా ఊళ్ళో తల్లులు ఇలా రాయరు. నేను భయపడి ఇన్నాళ్ళూ వేరేలా రాశాను. ఇప్పుడూ భయంగానే ఉంది. మీరు చలిలో ఉన్నారు కాబట్టి రాస్తున్నాను."

పంపమని చెప్పి, బిడ్డను తీసుకుని లోపలికి వెళ్ళి తెర వేసుకుంది.

నేను దుబాసి గదిలో కూర్చుని ఏడుస్తూ మార్చాను. తొడల మడతలకు ఇల్మె భాషలో మాట ఉంది, వాళ్ళకూ పిల్లలున్నారు కదా. చాలా మంచి మాట. ఇంతకాలం దాని అవసరమే రాలేదు నాకు.

నమోదు 325

ఆమె టపా చూశాక మిగిలినవాళ్ళకు సిగ్గేసింది. పొద్దుటినుంచి నాకు ఊపిరాడనివ్వలేదు. గవరమ్మ పిన్ని తన పులుసు ఈ గుహలోనే కాదు, ఏ గుహలోనూ ఎవరికీ కుదరదని రాసింది. సన్నిబాబు మామ పంపు గుర్రంలా ఉందని, దానికి ఇంకో తరం దాకా ఢోకా లేదని, పనిలో పనిగా తన నడుం నొప్పి కూడా ఉత్తదేనని రాసేశాడు. వచ్చే నెల గుడ్డల వంతు ఆయనకు వేశాను. జీవితంలో ఎన్నడూ గొప్పలు చెప్పుకోనివాళ్ళు ఒక్కసారి మొదలుపెడితే ఆగరని తెలిసింది. చదువుతుంటే నాకే మా ఊరు కొత్తగా కనిపించింది. ఇంత బాగున్నామా మేం అనిపించింది.

మధ్యాహ్నం సమితి నుంచి మాట వచ్చింది. దారులు విడిపోయే చోటు ఇంకా దాటలేదు. నావను ఇల్మె వైపు మళ్ళించారు.

పొయ్యిల దగ్గర ఈ సంగతి చెబుతుంటే పైడితల్లి చంకలో ఉన్న సింహాద్రి తుమ్మాడు. అందరూ ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. గవరమ్మ పిన్ని చేతిలో గరిటె గాల్లోనే ఉండిపోయింది. వాడు అందరి మొహాలూ చూసి, ఏదో ఆటనుకుని, పకపకా నవ్వాడు. పైడితల్లి మాత్రం వాడిని గుండెకు అదుముకుని కదలకుండా నిలబడింది.

నమోదు 327

ఇల్మె నుంచి టపాలు లేవు. ఒక్కటి కూడా లేదు. సింహాద్రికి తుమ్ము తప్ప ఏమీ రాలేదు. పైడితల్లి రోజూ పొద్దున్నే నా గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడుతోంది. తల అడ్డంగా ఊపుతాను, వెళ్ళిపోతుంది.

నమోదు 330

టపా వచ్చింది. సోయెర పేరు మీద వచ్చింది కానీ రాసింది సోయెర కాదు. తెలుగు చేసి ఇక్కడ ఉంచుతున్నాను.

"నేను లియన్‌ని. తాత చోట రాస్తున్నాను. నావ వచ్చింది, పంపు తిరుగుతోంది. తాత నావ రాకముందే పోయాడు. మాకు చాలా చలేసింది. కొలిమి ఆరిపోయి చాలా రోజులైంది, అది మేం రాయలేదు. ఇలా రాయడం మర్యాద కాదని నాకు తెలుసు. మీ ఊళ్ళో రాయకూడనిది ఆ అమ్మ రాసింది, అందుకని నేనూ రాస్తున్నాను. ఆమె టపా తాతకు చదివి వినిపించాను. మళ్ళీ చదవమన్నాడు. తొడల మడతల దగ్గర నవ్వాడు. మన నావ వాళ్ళకు అందింది లియన్, చూడు ఎంత తొందరగా ఒళ్ళు చేశాడో అన్నాడు. నావ ఇంకా దారిలోనే ఉందని నాకు తెలుసు. తాతతో చెప్పలేదు."

అంతే ఉంది.

రోజూ వచ్చే మనిషి రాకపోతే కుర్చీ చూస్తాం. నాకు చూడటానికి కుర్చీ కూడా లేదు. ఆయన మొహం తెలియదు, గొంతు తెలియదు. ఆయన నా ఇంటి మనిషి, పోయాడు. నాకు చాలా బాధగా ఉంది.

ఆయన చివరిసారి విన్నది కూడా తప్పుగానే అర్థం చేసుకున్నాడు. మా మాటలు ఆయనకు ఏ రోజూ సరిగా చేరలేదు. అయినా ఆయన నవ్వాడు కదా అనుకుంటాను, అనుకోగానే నా మీద నాకే కోపం వస్తుంది. ఆ టపా నాలుగు రోజుల ముందు రాసి ఉంటే ఆయన బతికేవాడేమో. మేం భయపడ్డాం, వాళ్ళు మొహమాటపడ్డారు, నేను మాటలు సరిచూసుకుంటూ కూర్చున్నాను. ఇందులో చెడ్డవాళ్ళెవరూ లేరు. నాకు అదే మింగుడుపడటం లేదు.

పైడితల్లికి చదివి వినిపించాను. అంతా చదివాను, తాత అనుకున్నదీ చదివాను. ఆమె ఏడవలేదు. సింహాద్రిని ఈ తొడ మీంచి ఆ తొడ మీదికి మార్చుకుంది.

"ఆ తాత అనుకున్నది తప్పని మనం రాయాలేటప్పా?" అంది.

"వద్దు. ఆ అమ్మాయే చెప్పలేదుగా."

పంపు హోరు వింటూ ఇద్దరం కూర్చున్నాం. తర్వాత అంది, "ఆ అమ్మికి ఇంకా సలేస్తందేటో అడుగు."

అలా అడగడం అక్కడ తప్పని ఆమెకు చెప్పబోయి, ఆగి, అడిగాను. పలక మీద మాట వెళ్ళింది. పైడితల్లి లేవలేదు, బిడ్డకు అక్కడే జావ పట్టింది. వాడు సగం తాగి, సగం నా చీర మీద ఒలకబోశాడు. నేను కొంగు పిండుకుంటుంటే జవాబు వచ్చింది.

"ఇంకా కొంచెం వేస్తోంది."